పాలమూరుకు గాలి తక్కువ

అమరేందర్ హుజూర్‌నగర్ నుంచి వచ్చేటప్పుడే థర్మోకోల్ పెట్టె వెంట తెచ్చుకున్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడు పల్లకీని, బోయీలను కూడా వెంటబెట్టుకొచ్చినట్టు. ఆ పెట్టె ఎంత పెద్దదంటే, దవాఖాన మెట్ల దగ్గర దాన్ని దించుతుంటే గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన శవాల ఫ్రీజర్ వచ్చిందనుకొని టోపీ తీసి దండం పెట్టాడు.

పెట్టె ఎవరికోసమో ఉమారాణికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో, ఐసీయూ పక్కన చిన్న గది ఉమారాణి రాజ్యం. ఆ రాజ్యానికి ఒకే ఒక సింహాసనం, దాని మీద ఏబీజీ మిషన్. రోగి మణికట్టు దగ్గర తీసిన రక్తం రెండు చుక్కలు దాని నోట్లో పోస్తే, అందులో ఆక్సిజన్ ఎంతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎంతుంది, రక్తం ఎంత పులిసిందన్నది మిషన్ చెబుతుంది. వెంటిలేటర్ మీదున్న మనిషికి గాలి పెంచాలా తగ్గించాలా అన్నది దాని మాట మీదే నడుస్తుంది. అది రాకముందు రక్తాన్ని ఐసు డబ్బాలో పెట్టుకొని ఆటోలో ఊరి ఆ చివరనున్న ల్యాబుకు పట్టుకుపోయేవాళ్లు. రైలుగేటు పడితే ఆటో ఆగుతుంది గాని రక్తం ఆగదు. సిరంజీలో ఉన్నా ఊపిరి పీల్చుకుంటూనే ఉంటుంది, తన ఆక్సిజన్ తానే తినేస్తుంది. అట్లా గేటు దగ్గర రెండు గూడ్సు బండ్లు పోయేసరికి, బతికున్న మనిషికి చచ్చినవాడి రిపోర్టు వచ్చేది.

ఈ యాజమాన్యానికే హుజూర్‌నగర్‌లో ఇంకో దవాఖాన ఉంది. అక్కడ రెండో ఐసీయూ తెరుస్తున్నారు. దానికి ఒక మిషన్ కావాలి. కొత్తది కొనడం కన్నా, మహబూబ్‌నగర్ మిషన్ ఏడాదికోసారి జరిగే రేంజ్ పరీక్షలో ఫెయిలైతే దాన్ని రిపేరు పేరుతో అటు పంపేద్దామని పైనుంచి మాటొచ్చింది. రిపేరుకు పోయిన వస్తువు తిరిగి పాలమూరుకు వచ్చిన చరిత్ర లేదు. పోయినసారి పోయిన సక్షన్ మిషన్ ఇప్పటికీ రిపేరులోనే ఉంది, హుజూర్‌నగర్ ఆపరేషన్ థియేటర్‌లో రోజూ పనిచేస్తూ.

రెండు దవాఖానలకూ క్వాలిటీ ఇన్‌చార్జి అమరేందర్. అంటే పరీక్ష పెట్టేదీ ఆయనే, ఫెయిలైతే పట్టుకుపోయేదీ ఆయనే.

"ఏంది సార్, గంత పెద్ద పెట్టె? మీ లగేజా?" అంది ఉమారాణి, కుర్చీలోంచి లేవకుండానే.

"మీ మిషన్ కొలత తీసుకొని చేపిచ్చిన. ఫెయిలైనంక మల్ల పెట్టెకోసం బజార్ల తిరుగుడెందుకని."

"ఫెయిలైతదని మీకు కలవడ్డదా?"

"కల ఎందుకు? పాలమూరోళ్ల చేతిల పెట్టినంక ఏది సక్కగుంటది?"

ఇట్లా కుశలప్రశ్నలు అయ్యాక అమరేందర్ సంచిలోంచి మురుకుల ప్యాకెట్ తీసి టేబుల్ మీద విసిరాడు.

"తినుర్రి. మా కాలువ నీళ్ల వడ్ల పిండి. మీ తాన ప్యాకెట్ల లెక్క గాలి కొట్టి మోసం చేసుడు మా దుకణం ఆయనకు రాదు. కొన్నప్పుడు సూసిన, చేతిల పట్టుకుంటే మెత్తగ ఒంగింది. మీకు గిసొంటివి యాడ దొరుకుతయి, పాపం."

ఉమారాణి ఆ ప్యాకెట్‌ను గోటి కొసతో టేబుల్ మూలకు నెట్టింది. "మీ ఊరి మురుకులు తినేకన్న మా ఊరి గోడ సున్నం నాకుత."

నిజం చెప్పాలంటే పొద్దున్నుంచి ఆమె ఏమీ తినలేదు. ఆ మురుకుల వాసన సీలు చించుకొని మరీ ముక్కులోకి వస్తోంది. అయినా ముట్టలేదు. అమరేందర్ తెచ్చింది అమృతమైనా, ముందు దాన్ని పరీక్షకు పంపి, ఫెయిలైందని రాయించి, ఆ తర్వాతే పారబోసే రకం ఆమె.

ఆ ద్వేషానికి మూలం 'పాపం' అన్న మాటలో ఉంది. ఉమారాణి నాయిన కురుమయ్య నారాయణపేట దిక్కు గొర్లకాపరి. ఎండాకాలం ఇక్కడ గడ్డి మాడిపోతే మందను తోలుకొని హుజూర్‌నగర్ దాకా నడిచేవాడు. కోతలైన పొలాల్లో గొర్లను పడుకోబెడితే ఎరువు దిగుతుందని అక్కడి రైతులు ఎదురుచూసేవాళ్లు. కానీ ఎరువు తీసుకుంటూ కూడా, "పాపం పాలమూరోళ్లు, ఇంతదూరం వచ్చిన్రు" అని ముంతెడు చల్ల పోసేవాళ్లు. నాయిన వెంట నడిచిన పిల్ల ఉమారాణి ఆ చల్ల ఎన్నడూ తాగలేదు. ఇప్పటికీ ఎవరైనా 'పాపం' అంటే ఆమెకు బీపీ పెరుగుతుంది. ఒకసారి పెరిగిన బీపీని వార్డు మిషన్‌తో చూస్తే అంకె రాలేదు, మిషనే ఆగిపోయింది.

పరీక్ష మొదలుకాకముందే ఏసీ దగ్గర ఒక యుద్ధం జరిగింది. పరీక్షకు వాడే ద్రవాలు చిన్న గాజు ఆంప్యూళ్లలో వస్తాయి. వాటిలో ఎంత ఆక్సిజన్ ఉందో కంపెనీవాళ్లు ముందే తూచి రాసి పంపిస్తారు. మిషన్ కూడా అదే చెబితే పాస్. అవి గది చల్లదనానికి అలవాటుపడాలి, మరీ వేడైనా మరీ చల్లబడినా లెక్క తప్పుతుంది. ఉమారాణి ఏసీని ఇరవై అయిదు మీద పెట్టింది. అమరేందర్ పదహారు మీద పెట్టాడు. ఆమె రిమోట్ లాక్కుంది. ఆయన ఇంకో రిమోట్ జేబులోంచి తీశాడు, హుజూర్‌నగర్ నుంచే తెచ్చుకున్నాడట. చివరికి ఆమె ఆయన రిమోట్‌లోని బ్యాటరీలు పీకి తన పర్సులో వేసుకుంది. బయట రోహిణికార్తె ఎండకు బల్లులు గోడల మీద కాలు మార్చి కాలు పెడుతున్నాయి. లోపల మాత్రం ఇరవై అయిదు.

అప్పుడు అమరేందర్ కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకొని మిషన్ తెర మీద తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. కాసేపటికే ఆయన మొహం వెలిగింది.

"ఉమారాణీ, జర ఇటు రా. గిదేంది?"

తెర మూలన చిన్నగా ఒక అంకె. బయటి గాలి బరువు ఎంతుందో మిషన్ చూపించే అంకె అది. ఆ బరువును ఆధారం చేసుకునే మిషన్ తన సిలిండర్‌లోని వాయువును కొలిచి తనను తాను సరిచేసుకుంటుంది. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ఆ అంకె ఏడువందల పన్నెండు.

"మాకాడ ఏడువందల యాభై నాలుగు. మీకాడ పన్నెండేంది?"

"అయితే?"

"అయితే ఏముంది. మీ పాలమూరుకు నీళ్లు తక్కువని సిన్నప్పటికెళ్లి వింటున్న. గాలి సుత తక్కువేనా? పాపం!"

ఉమారాణి ఒంటికాలి మీద లేచింది. "ఎవరికి తక్కువ గాలి? మా ఊర్ల గాలి మీద పన్నేసిన్రా? మీరేమన్న కాలువ తవ్వి గాలి పారిచ్చుకుంటున్నరా?"

"నేనంటలేను. మీ మిషనే అంటున్నది."

"మిషన్ తప్పు చెప్తున్నది!"

ఆ మాట నోట్లోంచి జారాక గాని తానేమన్నదో ఆమెకు తెలియలేదు. పొద్దున్నుంచి మిషన్‌లో తప్పులేదని కొట్లాడుతున్నది ఆమే. కానీ ఊరి ఇజ్జత్ ముందు మిషన్ ఇజ్జత్ ఎంత? ఫోన్ తీసి వాతావరణం చూపించే యాప్ తెరిచింది. మహబూబ్‌నగర్ అని కొట్టింది. హుజూర్‌నగర్ అని కొట్టింది. రెండింటికీ గాలి బరువు ఒకటే చూపించింది.

"సూడుర్రి, కండ్లు పెద్దగ చేసుకొని సూడుర్రి! ఇద్దరికీ ఒక్కటే గాలి. గవ్వంత సుత తేడా లేదు."

అమరేందర్ తన ఫోన్లో కూడా చూశాడు. అదే అంకె. ఫోన్ కొలిచే యూనిట్ వేరు, మిషన్ యూనిట్ వేరు కాబట్టి కాగితం మీద మార్చి చూశాడు. ఏడువందల యాభై నాలుగు.

"మరి గీ పన్నెండు ఎవరు పెట్టిన్రు?"

"కంపెనీ ఇంజనీరు పరమేష్. బిగించేటప్పుడు ఏందో డబ్బా తెచ్చి కొలిచి పెట్టిండు. ఆయనకేం తెలుసు?" అంది ఉమారాణి. పోయిన నెల సర్వీసు ఆలస్యమైందని ఆమె పరమేష్‌ను తిట్టిన తిట్లకు, ఆ రోజు నుంచి ఆయన ఆమె నంబర్ ఎత్తడం మానేశాడు. ఆయన ఫోన్లో ఆమె పేరు 'పిడుగు' అని ఉంటుందట.

"నేనైతే నెలనెలా ఫోన్ సూసి మా మిషన్ సరిచేస్త. ఎప్పుడు ఫెయిల్ కాలే," అన్నాడు అమరేందర్ మీసం దువ్వుకుంటూ.

ఉమారాణి వెంటనే సెట్టింగులోకి పోయి పన్నెండును చెరిపేసి యాభై నాలుగు కొట్టింది. మళ్లీ క్యాలిబ్రేషన్ మొదలుపెట్టింది. మిషన్ చాలాసేపు గుర్రుమంది. తనకేదో అన్యాయం జరుగుతోందని తెలిసినా పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడకూడదని ఊరుకున్న పిల్లలా, చివరికి సరేనంది. 'గాలి బరువు సరిచూడబడినది' అన్న గడిలో ఆమె సంతకం పెట్టింది. ఆయనా పెట్టాడు.

వాళ్లిద్దరూ కలిసి పనిచేసిన అయిదేళ్లలో ఒక మాట మీద నిలబడడం అదే మొదలు.

పరీక్ష అయ్యేదాకా మిషన్ మీద రోగుల రక్తం పెట్టకూడదని అమరేందర్ ఒక అట్టముక్క తగిలించాడు. సరిగ్గా అప్పుడే ఐసీయూ డాక్టర్ మంజులత తలుపు తోసుకొని వచ్చింది. చేతిలో సిరంజీ.

"కాటమయ్యది. బిరాన పెట్టు ఉమా."

కాటమయ్య కూరగాయల తోటకు మందు కొడుతూ ఆ పొగ పీల్చి పడిపోయిన రైతు. రెండురోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఊపిరితిత్తులు ఒక పూట మాట వింటాయి, ఒక పూట వినవు. ఆయనకు గాలి ఎంత పెట్టాలో గడియగడియకూ చూసి మార్చాలి.

"మేడం, పరీక్షల ఉన్నది. ఇప్పుడు పెట్టరాదు," అన్నాడు అమరేందర్.

"మీ పరీక్ష కోసం ఆయన ఊపిరి ఆపుకొని కూసోవాల్నా?"

"రూల్ మేడం."

డాక్టర్ ఆయన్ను చూసిన చూపుకు ఏసీ పదహారుకు దిగింది. సిరంజీని ఐసు డబ్బాలో పెట్టి వార్డుబాయ్ ఎల్లస్వామిని ఆటోలో పాత ల్యాబుకు పంపింది. పోతూపోతూ తలుపు ఎంత గట్టిగా వేసిందంటే, పక్క గదిలో పడుకున్న రోగి ఒకాయన తనంతట తానే డిశ్చార్జి అడిగాడు.

ఆంప్యూళ్లు అయిదు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మట్టంలో ఆక్సిజన్, బాగా తక్కువ నుంచి బాగా ఎక్కువ దాకా. మిషన్ కింది కొస నుంచి పై కొస దాకా నిజం చెబుతుందో లేదో అట్లా తెలుస్తుంది. నడుమ మాత్రమే నిజం చెప్పే మిషన్ ఐసీయూకు పనికిరాదు, అక్కడికి వచ్చేవాళ్లెవరూ నడుమ ఉండరు కదా.

ఉమారాణి మొదటి ఆంప్యూల్‌ను రెండు కొసలు పట్టుకొని ఊపి, మెడ విరిచి, మిషన్‌కు తాగించింది. నలభై రావాలి. నలభై రెండున్నర వచ్చింది.

"పాస్," అంది.

"పాసే," అన్నాడు అమరేందర్, పన్ను పీకినట్టు.

రెండోది ఎనభై రావాలి. ఎనభై అయిదు. అంచు మీద నిలబడి పాసైంది. మూడోది నూటయాభై రావాలి. నూటయాభై తొమ్మిది. అమరేందర్ కుర్చీ ముందుకు జరిపాడు. నాలుగోది ఇంకా దూరం పోయింది. అయిదోది నాలుగువందల ఇరవై దగ్గర నిలబడాల్సింది, నాలుగువందల నలభై ఆరు దగ్గర నిలబడింది. కార్బన్ డయాక్సైడ్ కూడా అదే దారి పట్టింది. రక్తం పులుపు చూపే అంకె ఒక్కటి మాత్రం మొదటి నుంచి చివరి దాకా గీత గీసినట్టు సరిగ్గా వచ్చింది.

"ఫెయిల్!" అన్నాడు అమరేందర్. ఆ మాట అనడానికే ఆయన ఆ పొద్దు పుట్టినట్టు అన్నాడు. "సతీశ్! టేపు తీసుకరా!"

డ్రైవర్ సతీశ్ కారిడార్‌లోంచి టేపు చప్పుడు చేసుకుంటూ వచ్చాడు.

"ఆగుర్రి. ఎవలన్న మిషన్ మీద చెయ్యేస్తే ఆ చేతికి కట్టు కట్టేది సుత నేనే," అంది ఉమారాణి మిషన్‌కు అడ్డంగా నిలబడి. "నిన్నటిదాంక మంచిగున్నది. రోజు ఉదయం పెట్టే ఆంప్యూల్ సక్కగ వచ్చింది. ఇయ్యాల్నే ఎట్ల పాడైతది?"

"నాకేం తెలుసమ్మా. మీ ఊరి గాలి తగిలిందేమో."

"నీ నోరు పడిపోను!"

"చూడు, 'నువ్వు' దాంక వచ్చింది. రాసుకుంట."

"రాసుకో! అండర్‌లైన్ చేసుకో!"

అప్పుడే ఎల్లస్వామి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. రైలుగేటు పడిందట. రిపోర్టు చూసిన డాక్టర్ మంజులత దాన్ని నలిపి చెత్తబుట్టలో వేసింది. ఆ కాగితం ప్రకారం కాటమయ్య దాదాపు చనిపోయి ఉండాలి. అక్కడ ఐసీయూలో ఆయన వేళ్లు కదిపి నీళ్లు అడుగుతున్నాడు.

"ఇంక రోజు గిదేనా?" అంది డాక్టర్, గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించిందంటే పరిస్థితి బాగాలేదని అర్థం. "ఈ మిషన్ పోతే నేను కండ్లు మూసుకొని వెంటిలేటర్ నడపాల్నా? ఇద్దరి లొల్లి నడుమ ఆ మనిషి పోతే ఎవరు జిమ్మెదార్?"

 అమరేందర్ టేబుల్ మీద సామాను పక్కకు నెట్టి పెట్టెకు జాగా చేయసాగాడు. ఆయన చెయ్యి తగిలి మురుకుల ప్యాకెట్ దొర్లింది. టేబుల్ అంచు తాకి, 'టప్' అని ఎగిరి, నేల మీద పడి, ఇంకోసారి ఎగిరింది.

ఉమారాణి దాన్ని ఎత్తింది. మెత్తగా ఒంగిందని ఆయన చెప్పిన ప్యాకెట్ వానాకాలం కప్పలా ఉబ్బి ఉంది. వేలితో కొడితే డప్పులా మోగింది. ఎవరైనా సూదితో గుచ్చితే హుజూర్‌నగర్ దాకా వినపడేలా ఉంది.

"గిదేంది గిట్ల ఉబ్బింది?"

"మావోళ్లు గాలి సుత నిండుగ కొడ్తరు," అన్నాడు అమరేందర్ అలవాటు కొద్దీ.

"పొద్దుగాల గాలి కొట్టరంటిరి. కొన్నప్పుడు మెత్తగ ఒంగిందంటిరి."

"ఎండకు ఉబ్బింది."

"ఎండ యాడిది? పొద్దుగాలికెళ్లి ఏసీ కిందనే ఉన్నది. తెచ్చినప్పటికన్న చల్లగయ్యింది. చల్లగైతే ముడుసుకోవాలె గని ఉబ్బుతదా?"

ఆమె ప్యాకెట్‌ను రెండు చేతులతో పట్టుకొని మిషన్ వైపు చూసింది, మళ్లీ ప్యాకెట్ వైపు చూసింది. లోపల ఉన్నది హుజూర్‌నగర్ గాలి. అక్కడ సీలు వేసినప్పుడు బయటి గాలి దాన్ని నొక్కి పెట్టింది, అందుకే మెత్తగా ఉంది. ఇక్కడికొచ్చాక నొక్కేవాడు లేక రొమ్ము విరుచుకుంది. అంటే ఇక్కడి గాలి బరువు నిజంగానే తక్కువ.

 ఏడువందల పన్నెండు. పరమేష్ తప్పు పెట్టలేదు.

అంకెలు వరసగా కళ్లముందు నిలబడ్డాయి. పులుపు అంకె సరిగ్గా ఉంది, దానికి గాలి బరువుతో పనిలేదు. గాలితో పనున్నవే తప్పాయి. చిన్న అంకె దగ్గర చిన్నగా, పెద్ద అంకె దగ్గర పెద్దగా, అన్నీ ఒకే పాలులో. మిషన్ పాడై ఉంటే ఇంత పద్ధతిగా తప్పదు. ఎవరో తప్పు తూకంరాయి చేతికిస్తే, దానితో నిజాయితీగా తూచినట్టు తప్పింది.

ఆ రాయి ఇచ్చింది తానే.

"మేడం, మీ ఫోన్ ఒక్కసారి ఇయ్యుర్రి. నా నంబర్ ఆ పరమేష్ ఎత్తడు."

డాక్టర్ నంబర్ నుంచి మొదటి రింగుకే ఎత్తాడు పరమేష్. స్పీకర్ మీద పెట్టారు. ఉమారాణి గొంతు వినగానే అటువైపు ఏదో కిందపడిన చప్పుడైంది.

"పరమేష్, లొల్లి పెట్టుకోను. ఒక్క మాట చెప్పు. ఫోన్ల పాలమూరుకు, హుజూర్‌నగర్‌కు గాలి బరువు ఒక్కటే ఎందుకు సూపెడ్తది?"

"గదా అక్కా? అది నిజంగ ఉన్న బరువు కాదు. వాతావరణమోళ్లు అన్ని ఊర్లను సముద్రం ఒడ్డుకు తీస్కపోయి నిలబెడితే ఎంతుంటదో లెక్కగట్టి చెప్తరు. అందుకే అంతట ఇంచుమించు ఒక్కటే ఉంటది. పాలమూరు ఎత్తు మీద ఉన్నది, ఆడ గాలి పలచన. మిషన్‌కు ఉన్నకాడి బరువే కావాలె. అందుకే నేను మీటర్ తెచ్చి కొలిచి పెట్టిన." ఆయన ఆగాడు. "ఎందుకు? ఎవలన్న ఫోన్ సూసి మార్చిన్రా? ఏ గాడిద మార్చింది?"

గదిలో అయిదుగురున్నారు. వారిలో ఇద్దరు గోడ మీది క్యాలెండర్‌ను ఎంత శ్రద్ధగా చూశారంటే, ఆ ఏడాది పండుగలన్నీ వాళ్లకు నోటికొచ్చేశాయి.

డాక్టర్ మంజులత ఫోన్ పెట్టేసి ఉమారాణి వైపు తిరిగింది. "ఏమైందో సాఫ్‌గ చెప్పు."

చెబితే మిషన్ ఉంటుంది. చెప్పాలంటే ఒక వాక్యం అనాలి. 

"మేడం... అంటే... పాలమూరుల గాలి... తక్కువనే."

"ఏంది? ఇనపడలే," అన్నాడు అమరేందర్, చెవి మీద చెయ్యి పెట్టుకొని.

"పాలమూరుల గాలి తక్కువ! హుజూర్‌నగర్ల ఎక్కువ! సాలునా? మైకు పెట్టి చెప్పాల్నా?" ఆమె మొహం ఎర్రగా కందింది. "ఈ సారు 'పాపం' అన్నడు, నాకు మండింది. మిషన్ సక్కగ చెప్పినదాన్ని నేను తప్పు చేసిన. ఇద్దరికీ గాలి ఒక్కటేనని సంతకం పెట్టిన. ఆ సంతకం కింద ఇంకో సంతకం ఉన్నది. అదెవరిదో సూడుర్రి."

అమరేందర్ చెవి మీది చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

"పాత అంకె పెట్టి మల్ల పరీక్ష చేస్త మేడం."

"కుదరది. ఒకసారి ఫెయిలైతే ఫెయిలే," అన్నాడు ఆయన. "ఇంకోటి, ఆంప్యూళ్లు ఒక్క డబ్బనే మిగిలింది. అది మా హుజూర్‌నగర్‌ది." అంటూనే ఆ డబ్బాను సంచిలో వేసుకొని, సంచిని ఒళ్లో పెట్టుకొని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. పేగుల ఆపరేషన్ అయిన మనిషి కూడా కడుపును అంత జాగ్రత్తగా పట్టుకోడు.

"తప్పు అంకె మీద మీరు సుత సంతకం పెట్టి, ఆ తప్పుకు మిషన్‌ను పట్టుకపోతరా?" అంది డాక్టర్. "పైకి ఫోన్ చేసి గిదే మాట చెప్పాల్నా అమరేందర్ గారూ? లేకుంటే ఆ డబ్బ ఇస్తరా?"

ఆయన ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు డబ్బాను ఎంతసేపు వదల్లేదంటే ఉమారాణి ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

పన్నెండు మళ్లీ తెరమీదికి ఎక్కింది. క్యాలిబ్రేషన్ ఈసారి గుర్రుమనకుండానే అయిపోయింది. మొదటి ఆంప్యూల్ నలభై రావాలి, నలభై వచ్చింది. రెండోది ఎనభై. ఎనభై. అమరేందర్ ప్రతి అంకెకూ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చివరిదానికి తుడిచేందుకు అద్దాలు మిగలనంతగా తుడిచాడు. నాలుగువందల ఇరవైకి నాలుగువందల పంతొమ్మిది.

"చెప్పుర్రి సార్," అంది ఉమారాణి.

ఆయన గొంతు సవరించుకున్నాడు. నీళ్లు తాగాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"పాస్."

"ఏంది? ఇనపడలే."

"పాస్!"

డాక్టర్ అట్టముక్క పీకి పారేసి అప్పటికే కాటమయ్య సిరంజీతో నిలబడి ఉంది. రెండు చుక్కలు. ఈసారి కాగితం చేతిలోకి రాగానే ఆమె నలపలేదు. "ఆక్సిజన్ తగ్గియ్యొచ్చు. మనిషి లేస్తున్నడు," అని పరుగులాంటి నడకతో ఐసీయూలోకి వెళ్లిపోయింది.

సతీశ్ ఖాళీ పెట్టెను మళ్లీ మెట్లు దించుతుంటే గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన మళ్లీ టోపీ తీశాడు.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ ఉమారాణి అన్ని 'పాపం'లకూ లెక్క తేల్చకుండా పడుకునే మనిషి కాదు. సాయంత్రం డాక్టర్ దగ్గరికి పోయి నిలబడింది.

"మేడం, ఈ సారు నెలనెలా ఫోన్ సూసే హుజూర్‌నగర్ మిషన్ సరిచేస్తడట. ఆయన నోటితోనే చెప్పిండు. వాళ్ల ఊరు పల్లంల ఉన్నది కాబట్టి అబద్ధం చిన్నగున్నది, పరీక్షల పట్టుబడ్తలేదు. అయినా అబద్ధం అబద్ధమే కదా?"

పాస్ కాగితం మీద డాక్టర్ సంతకం కోసం అక్కడే ఉన్న అమరేందర్ నోరు తెరిచాడు. అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అది హుజూర్‌నగర్ గాలి కాబట్టి కాస్త బరువుగానే వచ్చింది.

"పొద్దున సారు బండిల నువ్వు సుత పో," అంది డాక్టర్. "పరమేష్‌ను మీటర్ పట్టుకొని నేరుగ అక్కడికి రమ్మంట. మిషన్ సక్కగ పెట్టినంకనే తిరిగి రా."

తెల్లారి బండి జడ్చర్ల దాటి కల్వకుర్తి రోడ్డెక్కింది. వెనక సీట్లో ఒక కొసన ఉమారాణి, ఇంకో కొసన అమరేందర్. నడుమ థర్మోకోల్ పెట్టె సరిహద్దు గోడలా కూర్చుంది. ఉమారాణి ఒళ్లో మురుకుల ప్యాకెట్, పసిపిల్లను పట్టుకున్నట్టు. కల్వకుర్తిలో ఇంకా డప్పులానే ఉంది. దేవరకొండ దాటి పల్లానికి దిగేసరికి ఒక మూల మడత పడింది. ఆమె ఆ మడతను పెట్టె మీదుగా చాచి అమరేందర్ ముక్కుకిందికి పెట్టింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. మిర్యాలగూడ వచ్చేసరికి కోతలైన పొలాల మధ్య ప్యాకెట్ పూర్తిగా మెత్తబడి ఆమె వేళ్ల మీద ఒంగిపోయింది.

"మీ ఊరి గాలి మంచి బరువున్నది సార్. ఎవలనూ లేవనియ్యది," అంది.

"నీ నోటికన్న తక్కువనే బరువు."

ముందు సీట్లోంచి సతీశ్ వెనక్కి తిరిగాడు. పొద్దున్నుంచి బండి ఆపనివ్వలేదు, ఇద్దరూ ఒకరికంటే ఒకరు ముందు చేరాలన్నట్టు తొందర పెట్టారు, ఉన్నది ఒకే బండి అయినా. "సార్, మేడం, ఆకలైతాంది. ఆ మురుకులు ఇప్పుడన్న ఇప్పుదామా?"

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడడం అది రెండోసారి. మొదటిసారి ఏమైందో గుర్తొచ్చి, ఉమారాణి వెంటనే మాట మార్చింది. ప్యాకెట్‌ను పళ్లతో పట్టి చింపి, సగం మురుకులు సతీశ్ చేతిలో పోసింది. మిగిలినవాటిలో ఒకటి నోట్లో వేసుకుంది.

మంచిగానే ఉంది. చావనైనా చస్తుంది గాని, ఆ మాట మాత్రం ఆయనకు చెప్పదు.